కీ ఇచ్చే చెయ్యి



మీ ఇంట్లోనూ వినిపించే ఒక మాటతో ఈ ప్రసంగం మొదలుపెడతాను. డెబ్బై ఏళ్ళు దాటిన తాత అరుగు మీద కూర్చుని, చేతిలో ఫోను పట్టుకుని, ఎనిమిదో తరగతి చదివే మనవరాలిని పిలుస్తాడు. "అమ్మాయీ, ఇది మళ్ళా ఏందో అడుగుతా ఉంది, వచ్చి చూడు" అంటాడు. ఆ పిల్ల వచ్చి ఫోను లాక్కుంటుంది. బొటనవేలితో నాలుగుసార్లు టకటకా నొక్కి, "అయిపోయింది తాతా" అని చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. పని జరిగింది కానీ ఎట్లా జరిగిందో తాతకు తెలియలేదు. అందుకే మూడో రోజున మళ్ళీ అదే పిలుపు. "మొన్ననే చెప్పినా కదా!" అని పిల్ల విసుక్కుంటుంది. ఇంట్లో అందరూ నవ్వుతారు. తాత కూడా నవ్వుతాడు. ఆ నవ్వులో కొంచెం చిన్నబోవడం కూడా ఉంటుంది.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. కుప్పం, మదనపల్లె, హిందూపురం, మడకశిర వైపున, సరిహద్దు దాటితే కోలారు, బాగేపల్లి, పావగడ, బళ్ళారి, హోసూరు వైపున, తెలుగు మాట్లాడే ప్రతి ఇంట్లోనూ నడుస్తున్న కథే. అయితే దీనికీ ఒక చరిత్ర ఉంది. ఇంట్లో యంత్రం సంగతి తెలిసినవాళ్ళు ఎవరు? ఆ అధికారం ఒకప్పుడు ఎవరి చేతిలో ఉండేది, ఎవరి చేతికి మారింది? ఈ ప్రశ్న పట్టుకుని గడిచిన అరవై ఏళ్ళు ఒకసారి తిరిగి చూద్దాం.

మన సరిహద్దు జిల్లాలకు ఈ కథలో బెంగుళూరుతో ప్రత్యేకమైన బంధుత్వం ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, అక్కడ ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ వెలిసింది. 1953లో హిందూస్థాన్ మెషీన్ టూల్స్, అంటే మనందరి నోట హెచ్.ఎం.టి., వచ్చింది. 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ ఏర్పడింది. చివరి రెండూ జాలహళ్ళిలో ఇరుగుపొరుగు ఫ్యాక్టరీలు. టెలిఫోను ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన కాలనీకి దూరవాణినగర్ అని పేరే పెట్టారు. గడియారం, రేడియో, టెలిఫోను, మూడింటికీ ఆ ఊరు పుట్టిల్లయింది. పండుగకు బెంగుళూరు నుంచి వచ్చే మేనమామ సంచిలో ఏముందోనని పిల్లలు బస్టాండు దాకా ఎదురుపోవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

మొదట గడియారం సంగతి చూద్దాం. 1961లో హెచ్.ఎం.టి. వారు జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో చేతిగడియారాల ఫ్యాక్టరీ మొదలుపెట్టారు. అంతకుముందు చేతిగడియారం అంటే చాలావరకు విదేశీ సరుకే. జనతా, పైలట్, సోనా, కాంచన్ వంటి పేర్లతో ఇక్కడి గడియారాలు రావడం మొదలయ్యాక, బడిపంతులు చేతికీ, బస్సు కండక్టరు చేతికీ కాలం అందింది. అల్లుడికి పెట్టే కట్నకానుకల్లో గడియారం ఒక తప్పనిసరి అంశమైపోయింది.

ఆ గడియారానికి రోజూ కీ ఇవ్వాలి. లోపల చుట్టుకుని ఉన్న సన్నని ఉక్కు స్ప్రింగు మెల్లగా విప్పుకుంటూ ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర రోజు పళ్ళచక్రాలను తిప్పుతుంది. మరచిపోతే ఆగిపోతుంది. అందుకే పొద్దున స్నానం చేసి, విభూతి పెట్టుకుని, గడియారానికి కీ ఇవ్వడం తాతగారి నిత్యకృత్యం. ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు. ఎక్కువ తిప్పితే స్ప్రింగు తెగుతుందని భయం. డయలు మీద పదిహేడు రాళ్ళని ఇంగ్లీషులో రాసి ఉంటే, లోపల కెంపులు ఉన్నాయని పిల్లలు గుసగుసలాడుకునేవాళ్ళు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఇరుసులు అరిగిపోకుండా వాటి కొనల దగ్గర కృత్రిమంగా తయారుచేసిన చిన్న చిన్న కెంపులనే పొదుగుతారు.

ఎప్పుడైనా మనసు బాగున్న రోజున తాత మనవణ్ణి దగ్గరికి పిలిచేవాడు. గడియారం వాడి చేతిలో పెట్టి, వాడి రెండు వేళ్ళ మీద తన రెండు వేళ్ళు ఆనించి, "మెల్లగా తిప్పు. బిగువు తగిలితే ఆపు" అనేవాడు. ఆ బిగువు మాటలతో చెప్పేది కాదు, వేలికి తెలియవలసిందే. ఈ దృశ్యాన్ని గుర్తుంచుకోండి. చివర మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

గడియారం సరిచూసుకోవడానికి రేడియో కావాలి. వార్తలకు ముందు వచ్చే పిప్ పిప్ శబ్దానికి చెవి ఒగ్గి, ముల్లు సరిచేసుకోని ఊరు లేదు. రేడియోకు ఆకాశవాణి అనే పేరు పెట్టింది కూడా మనకు దగ్గరి ఊళ్ళోనే. మైసూరు మహారాజా కాలేజీలో మనస్తత్వశాస్త్రం బోధించిన ఆచార్య ఎం.వి. గోపాలస్వామి 1935లో తన ఇంట్లోనే చిన్న ప్రసారకేంద్రం నెలకొల్పారు. దాని పేరు ఆకాశవాణి. తర్వాతి కాలంలో దేశం మొత్తానికీ ఆ పేరే ఖాయమైంది.

వాల్వు రేడియో పెద్దల చేతిలో ఉండేది. గూట్లో ఎత్తున పెట్టి, అవ్వ కుట్టిన గుడ్డ కప్పి, పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు డబ్బు కట్టి వినేవారు. ఆ లైసెన్సు 1980ల నడుమ దాకా ఉంది. స్విచ్చి వేస్తే వెంటనే పలికేది కాదు. వాల్వులు వేడెక్కాలి. ఆ అరనిమిషం ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1961లో వాల్వులు, 1962లో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు తయారుచేయడం మొదలుపెట్టారు. ట్రాన్సిస్టరు వచ్చాక రేడియో గూడు దిగింది. పొలానికి పోయింది, సైకిలు హ్యాండిలుకు వేలాడింది. దానితోపాటే అధికారం కూడా తాత చేతి నుంచి చిన్నాయన చేతికి దిగింది. టార్చి సెల్లులు నీరసిస్తే ఎండలో పెట్టి కొంత ప్రాణం పొయ్యడం ఆయనకే తెలుసు. వేడికి సెల్లు లోపలి రసాయన చర్య కాస్త చురుకవుతుందని ఆయనకు తెలియకపోవచ్చు, కానీ నాటకం ముగిసేదాకా సెల్లు నిలబడితే చాలు.

సరిహద్దు శ్రోతకు ఇంకో అగచాటు ఉండేది. సాయంత్రం దాకా స్పష్టంగా వినిపించిన తెలుగు స్టేషను, చీకటి పడగానే దూరపు స్టేషనుతో కలిసిపోయేది. నాటకంలో కథానాయిక ఏడుస్తూ ఉంటే వెనక ఎవరో మరో భాషలో ధరవరలు చదివేవారు. కారణం ఆకాశంలో ఉంది. పగటిపూట మీడియం వేవ్ తరంగాలను మింగేసే ఒక పొర సూర్యుడు అస్తమించగానే మాయమవుతుంది. అప్పుడు వందల మైళ్ళ దూరపు తరంగాలు పై పొరకు తగిలి కిందికి వంగి మన ఊళ్ళో దిగుతాయి. చిన్నాయన చేసే వైద్యం ఒకటే. సెట్టును ఎత్తి కొంచెం కొంచెంగా తిప్పి, ఒక మూలకు పెట్టి, "ఇంక ఎవరూ కదలొద్దు" అనేవాడు. లోపల ఉండే ఏరియల్ కడ్డీ స్టేషను దిక్కుకు అడ్డంగా ఉన్నప్పుడు ఆ తరంగం బాగా అందుతుంది కాబట్టి ఆ వైద్యంలో శాస్త్రమే ఉంది. కదలొద్దు అన్నది మాత్రం ఆయన దర్పం. పిల్లలం బిగుసుకుని కూర్చునేవాళ్ళం. అదే మాకు ఆట.

టెలిఫోను కథ వేరు. బెంగుళూరులో తయారైన నల్లటి ఫోను మన పల్లెలకు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఊళ్ళో ఒకటో రెండో ఇళ్ళల్లో ఉండేది. మిగిలినవారంతా ఆ నంబరే తమ నంబరుగా రాసుకుని, పక్కన పి.పి. అని చేర్చేవారు. ఆ అక్షరాలకు ఇంగ్లీషు అర్థం ఏదైనా, పక్కింటి ఫోను అని చెప్పుకుంటే మనకు సరిపోయేది. ఫోను వచ్చిందని కబురందితే, పిండి చేతులతోనే అమ్మ పరుగెత్తాలి. ఇంటివాళ్ళు టీ తాగుతూ వింటూ ఉంటే, కూతురు పురిటి సంగతి గొంతు పెంచి మాట్లాడాలి. గుట్టు అనేదే లేదు. అయితే శుభవార్తకు ఆ ఇంట్లోనే మొదటి చక్కెర నోట్లో పడేది.

డయలు తిప్పడం కూడా ఒక విద్య. తొమ్మిది తిప్పితే తొమ్మిది విద్యుత్ దెబ్బలు, సున్న తిప్పితే పది దెబ్బలు ఎక్స్చేంజికి పోతాయి. డయలు వెనక్కి వచ్చేదాకా తొందరపెట్టకూడదు. తొందరపడితే రాంగ్ నంబరు. ఇక పిల్లలు ఆడుకోకుండా దానికి చిన్న తాళం కప్ప. దూరపు ఊరికైతే ట్రంకు కాల్ బుక్ చేసుకుని, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా కూర్చోవడమే.

ఈ పరిస్థితి 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ పనితో మారసాగింది. దుమ్మూ ఎండా తట్టుకుని, ఏ.సి. గది లేకుండానే పనిచేసే 128 లైన్ల చిన్న ఎక్స్చేంజిని ఆ ఇంజనీర్లు తయారుచేశారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది నడిచింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు సందు సందుకూ ఎస్.టి.డి. బూతులు వెలిశాయి. రాత్రి పొద్దుపోయాక ధర తగ్గుతుందని, భోంచేసి కుటుంబమంతా బూతు దగ్గర వరసలో నిలబడడం ఒక షికారు లాంటిది. అద్దాల గదిలో నాన్న మాట్లాడుతుంటే, ఎర్రటి అంకెలు ఎగబాకే మీటరు వైపే అమ్మ చూపు. "చాల్లే, పెట్టేయండి" అన్న మాట ఆ రోజుల్లో ప్రతి సంభాషణకూ ముగింపు.

ఇంతలో గడియారం విషయంలో ఒక చిన్న మార్పు వచ్చింది. చాలామంది దాన్ని పట్టించుకోలేదు. 1984లో టాటావారూ తమిళనాడు ప్రభుత్వ సంస్థా కలిసి టైటాన్ కంపెనీని స్థాపించారు. ఫ్యాక్టరీ బెంగుళూరు పక్కనే హోసూరులో. 1987 నుంచి దాని క్వార్ట్జ్ గడియారాలు అంగళ్ళకు వచ్చాయి. ఇందులో కీ లేదు. పొట్టిబిళ్ళ లాంటి సెల్లు, చిన్న స్ఫటికం ముక్క. ఆ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒకటి వస్తుంది. అదే సెకను ముల్లు కదలిక. కాలం మరింత ఖచ్చితమైంది, చవకయింది. కానీ తాత పొద్దుటి పని పోయింది. గడియారం ఇక ఆయన చేతి కోసం ఎదురుచూడదు. ఇంట్లో ఆయనకున్న ఒక చిన్న పదవి ఎవరూ రాజీనామా అడక్కుండానే రద్దయింది. చాలా ఏళ్ళు దేశానికి గడియారాలు కట్టిన హెచ్.ఎం.టి. వాచీల విభాగం కూడా 2016లో మూతపడింది. జాలహళ్ళిలో ఇప్పుడు వాటి మ్యూజియం ఉంది.

టెలివిజన్ మొదట మన రాష్ట్రాలకు ఒక్కొక్కరి ఇంటికి రాలేదు, ఊరికి వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, బెంగుళూరు కేంద్రంగా ఉన్న ఇస్రో సంస్థ, అమెరికా వారి ఉపగ్రహం సాయంతో, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలతో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించింది. బడి ముందు సెట్టు పెడితే ఊరంతా నేల మీద కూర్చుని చూసింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చాక సెట్టు ఇళ్ళల్లోకి చేరింది.

అప్పుడు అధికారం మిద్దె ఎక్కింది. యాంటెన్నా తిప్పేది కుర్రవాళ్ళు. పైన ఒకడు గొట్టం పట్టుకుని, కిందికి "వచ్చిందా?" అని కేక. లోపలి నుంచి "రాలే! ఇంకొంచెం తిప్పు!" అని జవాబు. మధ్యలో వాకిట్లో నిలబడి ఒకరి కేక ఇంకొకరికి అందించే చెల్లెలు. "ఆఁ, వచ్చింది, వచ్చింది, అక్కడే ఆపు" అనేలోపు చెయ్యి తీస్తే మళ్ళీ చుక్కలే. కాకి వాలినా, గాలి వీచినా కథ మొదటికి. 1987 జనవరి 25న రామాయణం ధారావాహిక మొదలయ్యాక ఆదివారం పొద్దున ఈ కేకలు ఊరంతా మారుమోగేవి.

కానీ ఆ ఆదివారాల్లో ఇంకో విశేషం ఉంది. భాష హిందీ. యాంటెన్నా తిప్పిన మొనగాడికి మాట అర్థం కాదు. కథ అవ్వకు తెలుసు. "ఇప్పుడు చూడు, మంథర వస్తుంది" అని ఆమె ముందే చెప్పేది. యంత్రం మనవడిది, కథ అవ్వది. ఒకరు లేకుండా ఇంకొకరికి వినోదం లేదు. పంచుకున్న పెద్దరికమంటే అదే.

తర్వాత కంప్యూటరు యుగం వచ్చింది. ఇక్కడ బెంగుళూరువారి ఒక మంచి ప్రయత్నం చెప్పుకోవాలి. భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు, ఒక ప్రైవేటు సంస్థ ఇంజనీర్లు కలిసి 2001లో సింప్యూటర్ అనే చేతికంప్యూటరు నమూనాను లోకానికి చూపారు. చదువురానివారు కూడా బొమ్మలు తాకి వాడుకోవాలనీ, యంత్రం భారతీయ భాషల్లో మాట్లాడాలనీ, ఒక్క యంత్రాన్ని ఊళ్ళో పదిమంది తలొక కార్డుతో పంచుకోవాలనీ వారి ఆలోచన. 2004లో అమిడా పేరుతో అది అంగడికి వచ్చింది గానీ ఆశించినంత అమ్ముడుపోలేదు. పంచుకునే యంత్రం నిలవలేదు, తలకొకటి చొప్పున ఫోను నిలిచింది.

సెల్‌ఫోను తొలిరోజుల్లో మనవాళ్ళ తెలివికి మిస్డ్ కాల్ ఒక సాక్ష్యం. మన దేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. 2003 దాకా మనకు వచ్చిన కాలుకు కూడా మనమే డబ్బు కట్టాలి. కాబట్టి ఒక రింగు ఇస్తే బస్సెక్కానని, రెండిస్తే దిగానని, మూడిస్తే గుమ్మం దగ్గరికి వచ్చి సంచి అందుకోమని. పైసా ఖర్చులేని ఈ తంతిభాషలో ఇంటిల్లిపాదీ పండితులే. పొరపాటున ఎవరైనా ఎత్తేస్తే మాత్రం ఆ పూట వాళ్ళకు చీవాట్లు.

ఆ తర్వాత వచ్చిన తెరఫోనుతో సాంతం తారుమారైంది. గడియారం, రేడియో, టీవీ, టెలిఫోను, బ్యాంకు, అన్నీ ఒకే పలకలోకి దూరాయి. అయితే ఇందులో కీ తిప్పినట్టు వేలికి తగిలే బిగువు లేదు. ఇవాళ ఉన్న గుర్తు రేపు ఇంకోచోట ఉంటుంది. పైగా భాష. కోలారు జిల్లా తెలుగింటిలో పుట్టిన అవ్వ మాట్లాడేది తెలుగు, బళ్ళో నేర్చింది కన్నడ లిపి, ఫోను అడిగేది ఇంగ్లీషులో. తప్పు ఆమెది కాదు కదా!

తెలిసినవారికే ఈ యంత్రం ఎంత పెళుసో చూడండి. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లను ఆపేసింది. జ్ఞానం అనే మాటలోని జ్ఞా అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో పంపితే, దాన్ని చూపించబోయిన సందేశాల అప్లికేషన్లు కుప్పకూలేవి. మనం ఒక్క అక్షరంగా చూసేదాన్ని యంత్రం జకారం, వత్తు, దీర్ఘం అని ముక్కలుగా దాచుకుని, చూపే వేళకు మళ్ళీ అతుకుతుంది. ఆ అతుకు దగ్గర అది తడబడింది. కొద్ది రోజుల్లోనే కంపెనీవారు సవరణ పంపారు. ప్రపంచంలోని గొప్ప ఇంజనీర్లు చేసిన యంత్రమే జ్ఞానం దగ్గర తడబడగా లేనిది, మన తాత ఒక గుర్తు వెతుక్కుంటూ తడబడితే నవ్వడానికి ఏముంది?

ఇది నవ్వుకుని వదిలే విషయం కాదు కూడా. ఇవాళ పింఛను డబ్బు పడిన సందేశం, గ్యాసు బుకింగు, బ్యాంకువారు పంపే రహస్యపు అంకెలు, అన్నీ ఆ పలకలోనే. ఇంట్లో అడిగితే విసుక్కుంటారని మొహమాటపడిన పెద్దమనిషి, బయట ఎవరో తీయగా పలకరించినవాడి చేతికి ఫోను ఇస్తాడు. లేదా ఫోనులోనే ఎవరో మర్యాదగా అడిగితే ఆ అంకెలు చదివి వినిపిస్తాడు. ఆ తర్వాత జరిగేది మీకు తెలుసు. ఇంటి విసుగుకు కట్టే మూల్యం ఒక్కోసారి ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము.

అందుచేత, శ్రోతలారా, చదువుకున్న పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఒక్క మనవి. తాతో అవ్వో పిలిచినప్పుడు ఫోను లాక్కోకండి. అది వారి చేతిలోనే ఉండనివ్వండి. నొక్కేది వారి వేలే కావాలి. మీ వేలు పక్కన ఉంటే చాలు. రెండుసార్లు తప్పు నొక్కితే నొక్కనివ్వండి, స్ప్రింగేమీ తెగదు. ఏ అంకెలు ఎవరికీ చెప్పకూడదో మాత్రం అదే సమయంలో, అదే ఓపికతో చెప్పండి.

వెనక గుర్తుంచుకోమన్న దృశ్యం ఇదే. గడియారం మనవడి చేతిలో పెట్టి, వాడి వేళ్ళ మీద తన వేళ్ళు ఆనించి, మెల్లగా తిప్పు అన్న తాత తానే తిప్పి ఇచ్చేయలేదు. తిప్పితే పని తొందరగా అయిపోయేది, మనవడికి మాత్రం విద్య వచ్చేది కాదు. ఆ తాతలు మనకు బాకీ పెట్టి పోయిన ఓపిక అది. ఇప్పటి తాతల దగ్గర దాన్ని తీర్చుకుందాం. ఈ సాయంత్రం మీ ఇంటి అరుగు మీద ఆ పిలుపు వినిపిస్తే, పక్కన కాసేపు కూర్చోండి.